నవల సగంలో ఉండగా ఇల్లు మారవలసి వస్తే

నల్లకుంట వాసి:
సభ్యులందరికీ నమస్కారం. నేను రాస్తున్న నవల ఇప్పుడు సగం దాటింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఒక మనిషి, విద్యానగర్‌లో ఆయన కట్టుకున్న ఇల్లు, 1970ల నుంచి 1990ల వరకు ఆ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగి వెళ్ళిపోయిన కుటుంబాలు, ఇదీ కథ. తెల్లవారుజామున ఇంట్లో అందరూ లేవకముందు కొంతసేపు, మధ్యాహ్నం వీలు దొరికితే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో మరికొంతసేపు కూర్చుని రాస్తున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య కుర్చీ దొరకడమే ఒక పరీక్ష అనుకోండి.

ఇప్పుడు తెల్లాపూర్‌లో మేము కొనుక్కున్న ఫ్లాటు చేతికి వచ్చింది. మావారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంది కనుక రోజూ నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరకు దాటే బాధ ఆయనకు తప్పుతుంది. బాబు తొమ్మిదో తరగతికి వస్తున్నాడు. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు, ఆషాఢం వస్తే గృహప్రవేశానికి ముహూర్తాలు ఉండవు, కాబట్టి ఈ రెండింటికీ ముందే పాలు పొంగించాలని ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. అత్తగారు మాతోనే ఉంటారు.

నా ప్రశ్నలు రెండు. ఇల్లు మారేలోపే ఎలాగో ఒకలాగ తొలి ప్రతిని ముగించి, డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నాటికి పుస్తకం తేవడం మంచిదా, లేక నవలను కట్టిపెట్టి కొత్త ఇంట్లో కుదురుకున్నాక తెరవడం మంచిదా? నల్లకుంటలో ఉంటూ రాస్తున్న పక్కపేట విద్యానగర్‌ను తెల్లాపూర్ పద్నాలుగో అంతస్తులో కూర్చుని రాయగలనా? ఇటువంటి స్థితిలో నవల పూర్తిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

చేతిరాత:
అమ్మా, నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీల మీద బదిలీలు అయిన కాలంలోనే నా నవలలన్నీ రాశాను కనుక నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా, తొందరపడి ముగించవద్దు. ముగింపు తేదీని సామాను లారీ నిర్ణయించిన నవలలో చివరి అధ్యాయాలు ఎలా ఉంటాయో చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. పాత్రలన్నీ ఒకేసారి రైలెక్కుతాయి, లేదా ఒకేసారి క్షమించుకుంటాయి.

అలాగని పూర్తిగా కట్టిపెట్టమని కూడా అనను. వారపత్రికలలో ధారావాహికలు రాసినవారికి ఈ సౌకర్యం ఎప్పుడూ లేదు. ఇంట్లో పెళ్ళి జరిగినా, పురుడు వచ్చినా, ఊరు మారినా వచ్చే వారం భాగం తపాలాలో వెళ్ళవలసిందే. వారిని నిలబెట్టింది తీరిక కాదు, తరవాతి భాగంలో ఏమి జరుగుతుందో ముందే తెలిసి ఉండడం.

నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. నవలతో పాటు ఒక వివరాల పుస్తకం పెట్టుకుంటాను. ఏ పాత్రకు ఏ సంవత్సరంలో ఎంత వయసు, ఎవరికి ఏ రహస్యం ఏ అధ్యాయంలో తెలిసింది, ఇంట్లో తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయి, అద్దె ఎంత, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు వంటివన్నీ అందులో ఉంటాయి. ఇల్లు మారే రోజులలో కొత్త పుటలు రాయడానికి మనసు నిలవకపోవచ్చు గానీ, ఇప్పటివరకు రాసినది చదువుతూ ఆ పుస్తకాన్ని నింపడానికి నిలుస్తుంది. అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని కూడా ఆ పని చేయవచ్చు. మళ్ళీ మొదలుపెట్టిన రోజున మీ నవల మీకు పరాయిగా అనిపించదు.

డెమీ సైజు:
నేను చిక్కడపల్లిలో డీటీపీ, పుటల అమరిక చేస్తాను. సాహిత్యం సంగతి పెద్దలు చెబుతారు, నేను ఫైలు సంగతి అడుగుతాను. మీరు నవలను ఎందులో టైపు చేస్తున్నారు? తొలి అధ్యాయాలను చేతితో రాసి డీటీపీకి ఇచ్చి ఉంటే అవి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్ళుగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. తరవాతి అధ్యాయాలను మీరే ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో టైపు చేసి ఉంటే అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో ఉంటాయి. సగం అను ఫాంట్లలో, సగం యూనికోడ్‌లో ఉన్న నవలతో ఇల్లు మారడం ప్రమాదం. మీకు డీటీపీ చేసిన మనిషి ఇక్కడే ఉంటారు, మీరు తెల్లాపూర్‌లో ఉంటారు, వారి కంప్యూటర్ పాడైతే మీకు తెలిసేది ఏడాది తరవాతే.

కాబట్టి సామాను కట్టకముందే మొత్తాన్ని యూనికోడ్‌లోకి మార్పించి, ఒక నకలు మీ మెయిల్‌కు పంపుకోండి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, ఒకటి కాగితం మీద తీయించండి. చేతిరాత పుస్తకాలనూ ఆ కాగితాలనూ లారీలో వేయకండి. బంగారంతో పాటు మీ కారులోనే తీసుకువెళ్ళండి.

డిసెంబరు గురించి ఒక మాట. పుస్తక ప్రదర్శనకు ముందు నెలలో మా దగ్గరకు వచ్చే పుస్తకాలలో తప్పులు దిద్దడానికి వ్యవధి ఇచ్చే రచయితలు చాలా తక్కువ. ఈ రోజుల్లో తెలుగు నవల తొలి ముద్రణ చాలాసార్లు 500 ప్రతులు, అది కూడా తరచుగా రచయిత సొంత డబ్బుతోనే. మీ డబ్బు పెట్టి, మీరే హడావిడి పడి, అచ్చుతప్పులతో తెచ్చుకోవడం ఎందుకు? ప్రదర్శన ప్రతి ఏటా వస్తుంది.

మూడో గది:
నేను రచయితను కాను, ఒక రచయిత్రి భర్తను. మేము కొన్నేళ్ళ క్రితం కొత్తపేట నుంచి నిజాంపేటకు మారాము. ఇక్కడ అందరూ నవల గురించి మాట్లాడుతున్నారు గానీ, నన్నడిగితే ఈ సమస్య నవలది కాదు, పనుల పంపకానిది.

ఇల్లు మారడమంటే లారీ వచ్చిన ఒక్క రోజు కాదు. బడి నుంచి టీసీ తేవాలి, గ్యాసు కనెక్షను బదిలీ చేయించాలి, ఆధార్‌లో చిరునామా మార్పించాలి, కొత్త అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర సామాను దింపడానికి అనుమతి కాగితం తీసుకోవాలి, వాళ్ళు చెప్పిన వేళల్లోనే లిఫ్టు వాడుకోవాలి, వడ్రంగి పని ఎంతవరకు వచ్చిందో వెళ్ళి చూడాలి. ఈ పనులన్నీ ఎవరి మీద పడతాయి? ఆఫీసుకు వెళ్ళేవారి సమయానికి ఇంట్లో ఒక విలువ ఉంటుంది. ఇంట్లో కూర్చుని రాసే మనిషి మాత్రం అందరి దృష్టిలో ఖాళీగా ఉన్నట్టే లెక్క. తొమ్మిది గంటలకు వడ్రంగి వస్తాడు, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా అన్న ఒక్క మాటతో ఆ రోజు రాత పోతుంది.

మేము ఒక కాగితం మీద పనులన్నీ రాసి, ఎదురుగా పేర్లు రాసుకున్నాము. సెలవు పెట్టవలసిన పనులకు నేను సెలవు పెట్టాను. కాబట్టి నవలను ఆపాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు మీ ఇంట్లో ఆ కాగితం తయారు చేయించండి. అది తయారయ్యాక మీ ప్రశ్న చాలా చిన్నదైపోవచ్చు.

మరొక మాట. మీది మూడు పడకగదుల ఫ్లాటు అయితే ఇంటీరియర్ గీతలో మూడో గదికి ఏమని పేరు రాశారో ఒకసారి చూడండి. అతిథుల గది అని ఉంటే అందులో మంచం, బీరువా వస్తాయి, ఆ తరవాత ఇస్త్రీ బల్ల వస్తుంది, చివరికి మీరు భోజనాల బల్ల దగ్గర రాస్తూ ఉంటారు. ఆ గదిలో రాతబల్లకూ, దాని పక్కన ప్లగ్‌పాయింటుకూ, పుస్తకాల అరలకూ ఇప్పుడే గీత గీయించండి.

క్రాస్‌రోడ్స్:
మూడో గది గారి మాటలలో పనుల పంపకం గురించి చెప్పినదంతా నిజం. గది గురించి చెప్పినది మాత్రం మూడు గదులు ఉన్నవారికే పనికొస్తుంది. నేను రెండు గదుల ఇంట్లో, ఇద్దరు పిల్లలతో, ఫోనులో మాట్లాడి టైపు చేయించుకుంటూ నవల రాస్తున్నాను. ఫోను తెలుగు మాటను ఇప్పుడు బాగానే పట్టుకుంటోంది. విరామ చిహ్నాలు తరవాత పెట్టుకోవచ్చు. 1960, 70 దశకాలలో వారపత్రికలను నడిపించిన నవలా రచయిత్రులలో ఎంతమందికి విడి రాతగది ఉండి ఉంటుంది?

ఉద్యోగం చేస్తూ రాసినవారి ఉదాహరణలు ఇటువంటి చర్చలలో తప్పకుండా వస్తాయి. బుచ్చిబాబు గారు ఆకాశవాణిలో పనిచేస్తూ రాశారు, రావిశాస్త్రి గారు విశాఖలో న్యాయవాదిగా ఉంటూ రాశారు అంటారు. గొప్ప విషయమే. వారు రాసుకుంటున్నప్పుడు కాఫీ ఎవరు కలిపి ఇచ్చారో మాత్రం సాహిత్య చరిత్రలో కనిపించదు. వాసిరెడ్డి సీతాదేవి గారు జవహర్ బాలభవన్‌లో బాధ్యత గల పదవి నిర్వహిస్తూ అంత విస్తారంగా రాశారు. కుటుంబం, రచన అనే మాటలు పక్కపక్కన వచ్చినప్పుడు నాకు ముందు ఆమే గుర్తుకు వస్తారు.

నల్లకుంట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. డెమీ సైజు గారు ఊహించినది నిజమే, తొలి ఎనిమిది అధ్యాయాలు అను ఫాంట్లలోనే ఉన్నాయి. పనుల కాగితం మాట నిన్న రాత్రి ఇంట్లో ఎత్తాను. బడి పనులు, సంఘం అనుమతి, వడ్రంగి వ్యవహారం మావారు తీసుకున్నారు. వంటింటి సామాను సర్దడం నాదే, అది మరొకరికి అప్పగిస్తే తరవాత పోపులపెట్టె వెతుక్కోవలసింది నేనే.

నేను మొదట రాయని విషయం ఒకటి ఉంది. ఈ మార్పు అందరికంటే ఎక్కువగా తగిలేది అత్తగారికి. ఆవిడ పెళ్ళయి వచ్చింది మొదలు నల్లకుంటలోనే ఉన్నారు. పొద్దున్నే శంకరమఠం, సాయంత్రం కూరగాయల మార్కెట్టు, దారిలో పలకరించే పదిమంది, ఇవన్నీ పోతాయి. నా నవలలో ఉన్న విద్యానగర్ సగానికి పైగా ఆవిడ చెప్పినదే. ఎవరింట్లో బావి ఎప్పుడు పూడ్చారో, ఫీవర్ ఆసుపత్రి ముందు ఏ చెట్టు ఉండేదో ఆవిడకే తెలుసు. పగలు మావారు ఆఫీసులో, బాబు బడిలో ఉంటే ఆ కొత్త ఇంట్లో మిగిలేది ఆవిడా నేనూ. నేను గది తలుపు వేసుకుని రాసుకుంటూ కూర్చుంటే ఆవిడ ఎవరితో మాట్లాడతారు? దీనికి పనుల కాగితంలో చోటు లేదు.

పాత సంచికలు:
నేను గ్రంథాలయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ రెండో ప్రశ్నకూ, అత్తగారి విషయానికీ కలిపి సమాధానం చెప్పాలనిపిస్తోంది.

ఒక చోటు గురించి రాయడానికి ఆ చోటులోనే ఉండనక్కరలేదు. ఉంటే ఒక ఇబ్బంది కూడా ఉంది. ఇవాళ్టి నల్లకుంట రోజూ కళ్ళ ముందు ఉండి 1975 నాటి నల్లకుంటను కప్పేస్తుంది. పెంకుటిళ్ళు, వెనక వాటాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చిన వీధిలో నడిచి వచ్చి, పాత వీధిని రాయడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. తెల్లాపూర్‌లో ఆ పోటీ ఉండదు. అయితే వెళ్ళేముందు సేకరించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంకా మిగిలి ఉన్న పాత ఇళ్ళ ప్రహరీలు, గేట్లు, అరుగులు, కిటికీ ఊచలు ఫొటోలు తీసుకోండి. ఒక వీధి మొదటి నుంచి చివరి వరకు నడవడానికి ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఎత్తు ఎక్కుతుందో రాసుకోండి. నవలలో పాత్రలు నడిచేటప్పుడు ఇవి అవసరమవుతాయి, పటాలలో ఇవి దొరకవు.

ఆనాటి ధరలు, సినిమా ప్రకటనలు, నీటి ఎద్దడి వార్తలు వంటివాటికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళండి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది. సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది, పాత తెలుగు పుస్తకాల కోసం అక్కడ కూడా చూడవచ్చు. ఈ పని ఇల్లు మారకముందే చేయాలని లేదు. ఫలక్‌నుమా వైపు వెళ్ళే ఎంఎంటీఎస్ లోకల్ రైలు తెల్లాపూర్‌కు దగ్గరలోని లింగంపల్లిలో ఎక్కితే విద్యానగర్‌లోనే దిగవచ్చు. గంటకు పైగా ప్రయాణం, రైళ్ళు తరచుగా ఉండవు, వేళలు చూసుకుని బయలుదేరాలి. కానీ కూర్చునే చోటు దొరికితే ఆ గంట కూడా రాతకే ఉపయోగపడుతుంది.

ఇక అత్తగారు. మీరు తలుపు వేసుకుంటే ఆవిడ ఎవరితో మాట్లాడతారని అడిగారు. నవలకు కావలసిన సగం ఆవిడ దగ్గరే ఉందని కూడా మీరే చెప్పారు. మధ్యాహ్నం ఒక వేళ పెట్టుకుని, ఆవిడ ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేస్తూ, ఒక్కొక్క ఇంటి గురించి అడగండి. వీధి పటం గీసి ఆవిడ ముందు పెట్టి, ఈ ఇల్లు ఎవరిది, తరవాత ఎవరు కొన్నారు అని వరసగా అడిగితే, ఊరికే పాత రోజుల గురించి చెప్పమన్నదానికంటే ఎక్కువ చెబుతారు. మీరు ఇలా విద్యానగర్ వచ్చేటప్పుడు ఓపిక ఉంటే ఆవిడనూ వెంట తీసుకురండి. మీరు గ్రంథాలయంలో ఉన్నంతసేపు ఆవిడ పాత ఇరుగుపొరుగుల ఇంట్లో ఉంటారు.

విరామం:
ఇక్కడ అందరూ రాత ఆగకూడదనే పక్షంలో ఉన్నారు కాబట్టి ఎదుటి పక్షం నేను వినిపిస్తాను. నేను హైదరాబాద్ నుంచి అమెరికాకు కుటుంబంతో మారినప్పుడు, చేతిలో ఉన్న నవలను తెలిసే పక్కన పెట్టాను. రోజూ ఒక పుటైనా రాయాలనే నియమం పెట్టుకుని, ఇల్లు సర్దడంలో అలసిపోయి, ఆ పుట రాయలేదని ఇంట్లోవాళ్ళ మీద విసుక్కునే రచయితలను చూశాను. ఆ విసుగు నవలలోకి కూడా పాకుతుంది. అలసటలో రాసిన అధ్యాయాలను తరవాత దిద్దడం కంటే కొత్తగా రాయడమే తేలిక.

పక్కన పెట్టి వెళ్ళి, పిల్లలు బడికి అలవాటుపడ్డాక తెరిచి చూస్తే, కథకుడి గొంతులో అక్కరలేని వెటకారం ఎంత ఉందో కనబడింది. దాన్ని తీసేశాక నవల సన్నబడింది, బాగుపడింది. వెంటనే కొనసాగించి ఉంటే అది కంటపడేది కాదు. అందువల్ల నల్లకుంట వాసి గారూ, మీరు ఆపాలనుకుంటే నిశ్చింతగా ఆపండి. అయితే ఏ నెలలో మళ్ళీ తెరుస్తారో ఇంట్లో అందరికీ చెప్పి ఆపండి. చెప్పకుండా ఆపితే అందరూ అది అయిపోయిందనే అనుకుంటారు.

చేతిరాత:
విరామం గారితో నాకు సగమే పేచీ. పక్కన పెట్టడం వేరు, చేతికి అందనంత దూరం పెట్టడం వేరు. విదేశానికి వెళ్ళేవారికి కొత్త దేశమే పూర్తికాలపు పని. ఒకే నగరంలో ఒక చివరి నుంచి మరొక చివరకు మారేవారికి అంత విరామం ఎందుకు? వివరాల పుస్తకం నింపడం కూడా రాతలో భాగమే, దానికి ప్రేరణ అక్కరలేదు.

బల్లపరీక్ష:
నేను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. నవల సంగతి కాదు గానీ బాబు గురించి ఒక్క మాట. బడి మార్చవలసి వస్తే తొమ్మిది ప్రారంభంలో మార్చడమే మంచిది, పది మధ్యలో మార్చడం పిల్లలకు చాలా బరువవుతుంది. తెలుగు మొదటి భాషా, రెండో భాషా, ఏ బోర్డు అన్నది చేరే ముందే కనుక్కోండి. మొదటి మూడు నెలలు సాయంత్రాలు వాడికే కేటాయించి, మీ రాతను తెల్లవారుజాముకే ఉంచుకోండి.

నల్లకుంట వాసి:
మీ అందరి మాటలు విన్నాక ఇలా అనుకుంటున్నాను. ఈ డిసెంబరు పుస్తక ప్రదర్శన మాట వదిలేశాను, ఆ మాట మావారితో అనగానే ఇంట్లో సగం గొడవ తగ్గింది. ఇప్పుడు రాస్తున్న అధ్యాయంలో వెనక వాటా ఖాళీ అవుతుంది. అంతవరకు రాసి ఆపుతాను. లారీ వచ్చే వరకు, ఆ తరవాత కొన్ని వారాలు కొత్త పుటలు రాయను, చేతిరాత గారు చెప్పిన వివరాల పుస్తకం మాత్రమే నింపుతాను. శ్రావణం మొదలయ్యాక మళ్ళీ తెరుస్తానని విరామం గారి సలహా ప్రకారం ఇంట్లో అందరికీ చెప్పాను. అత్తగారు వెంటనే, అప్పుడు వ్రతాలు ఉంటాయి, రెండో వారం మొదలుపెట్టుకో అన్నారు. ఆవిడ దాన్ని పనిగా లెక్కవేసి తేదీ చెప్పడం నాకు సంతోషమనిపించింది.

వీధి పటం ఆలోచన ఆవిడకు ఎంత నచ్చిందంటే, నేను గీసిన పటంలో రెండు ఇళ్ళు తారుమారయ్యాయని అప్పుడే దిద్దారు. ఆవిడ చెప్పినట్టు అయితే నా నాలుగో అధ్యాయంలో పనిమనిషి వెళ్ళే సందు అసలు లేదు. దాన్ని మార్చాలా, నవలే కదా అని ఉంచెయ్యాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

మూడో గది గారూ, గీతలో అతిథుల గది అనే ఉంది. అందులో రాతబల్ల వస్తుంది, అత్తగారు మధ్యాహ్నం నడుము వాల్చడానికి ఒక దివాను కూడా వస్తుంది. తలుపు వేసుకునే గది కాదు, అయినా నాకు సమ్మతమే.

పాత సంచికలు:
ఆ సందును తొందరపడి తీసెయ్యకండి. ఆవిడ కాపురానికి రాకముందు ఉండి, తరవాత ఎవరో గోడ కట్టి కలుపుకుని ఉండవచ్చు. పాత వీధులలో అది సాధారణం. ఆ వైపు ఇల్లు మొదటి నుంచి ఉన్నవారెవరైనా మిగిలి ఉంటే అడిగి చూడండి.

డెమీ సైజు:
ఎనిమిది అధ్యాయాలూ ఒకేసారి మార్పించకండి. ముందు ఒక అధ్యాయం మార్పించి, పక్కన పాత అచ్చుప్రతి పెట్టుకుని చూడండి. ఒత్తులు తారుమారైన చోట్లు, పొల్లుతో ముగిసే మాటకు విభక్తి చేరిన చోట్లు ముఖ్యంగా చూడాలి. మీ నవలలో విద్యానగర్‌లో, కాలేజ్‌కు, స్టేషన్‌లో వంటి మాటలు పుటకు పది ఉంటాయి, మార్పిడిలో ఆ పొల్లు కింద తరవాతి అక్షరం ఒత్తుగా వచ్చి చేరుతుంది. ఒక్క అధ్యాయంలో ఏయే తప్పులు వస్తున్నాయో పట్టిక రాసుకుంటే మిగిలిన ఏడింటిలో వాటినే వెతికి మార్చవచ్చు. ఆ పని వివరాల పుస్తకం నింపే వారాలలోనే అయిపోతుంది.